వ్యాసరచన – సొంత వాక్యము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



రజతోత్సవమనగా ఇరువదియైదేండ్ల లెక్క చూచుకొను దినము. పుస్తకములెన్ని, బీరువాలెన్ని, చందాదారులెందరు అను లెక్క చిట్టాలలో దొరకును. ఈ బల్లల ముందు కూర్చుండి చదివిన పిల్లలలో ఎందరు తమ మాటను తాము వ్రాయగలవారైనారను లెక్క మాత్రము ఏ చిట్టాలోను దొరకదు. నేటి ప్రసంగము ఆ రెండవ లెక్కను గురించినది.

పాఠశాలలో వ్యాసరచన అను గంట ఒకటి కలదు. ఉపాధ్యాయుడు నల్లబల్లపై ‘మా ఊరి చెరువు’ అని వ్రాయును. విద్యార్థి కలము తీసి, ‘మా ఊరిలో ఒక చెరువు కలదు. అది మిక్కిలి అందముగా ఉండును. దానిని అందరును కాపాడవలెను’ అని వ్రాయును. తప్పు ఒక్కటియు లేదు. పదింటికి ఏడు మార్కులు వచ్చును. అయితే చెరువు ముఖము ఎన్నడును చూడనివాడు కూడ ఈ మూడు వాక్యములను వ్రాయగలడు. చిక్కంతయు ఇక్కడనే ఉన్నది.

ఆ పిల్లవానిని దగ్గరకు పిలిచి, ‘నాయనా, గట్టు మీద నిలిచి నీవు ఏమి చూచినావు?’ అని అడిగిన వేరొక మాట వచ్చును. ‘ఎండకాలములో నీళ్ళు వెనుకకు పోయినవి సారూ. ఒడ్డున మన్ను నెఱ్ఱెలు విచ్చినది. మా తాత చిన్నప్పుడు ఆ వేపచెట్టు దాక నీళ్ళుండెడివట’ అని చెప్పును. నోటికి వచ్చినది ఇది. కాగితము మీదికి వచ్చినది అది. ఈ రెంటి నడుమ గల దూరము తరుగుటయే విద్యార్థి రచయితగా ఎదుగుట. తక్కినదంతయు దానికి సాధనము.

ఈ దూరమును గురించి తెలుగువారు ఒకప్పుడు పెద్ద వాదమే నడిపినారు. మద్రాసు విశ్వవిద్యాలయము ఇంటర్మీడియేట్ తరగతులకు తెలుగు వ్యాసరచనను విధించినప్పుడు, విద్యార్థులు ఏ భాషలో వ్రాయవలెనను ప్రశ్న పుట్టినది. గ్రాంథికమే తగునని జయంతి రామయ్యపంతులుగారి పక్షము. శిష్టులు మాటాడు భాషకును చోటీయవలెనని గిడుగు రామమూర్తి పంతులుగారి పక్షము. గురజాడ అప్పారావుగారు 1914లో తమ అసమ్మతి పత్రమును సమర్పించినారు. ఆనాడు గ్రాంథిక పక్షమే నెగ్గినది. మరుసటి యేడు, 1915లో, గురజాడవారు కీర్తిశేషులైనారు. ఆ తరువాత కాలము ఏ పక్షమున తీర్పు చెప్పినదో నేటి పత్రికను తెరచిన ఎవరికైనను తెలియును.

గురజాడవారు ఆ పత్రమును ఊరక వ్రాయలేదు. విద్యార్థిగా ఆ త్రోవ నడిచి వచ్చినవారు. విజయనగరము కళాశాలలో చదువుచున్న దినములలో వారు ఆంగ్లమున ‘సారంగధర’ కావ్యమును వ్రాసినారు; అది 1883లో వెలువడినది. దానిని మెచ్చుకొన్న కలకత్తా పత్రికా సంపాదకులు శంభుచంద్ర ముఖర్జీగారే, తల్లిభాషలో వ్రాయుట మేలని హితవు చెప్పినారు. ఆ హితవు ఫలించుటకు ఏండ్లు పట్టినది. 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కము’ను వారు అంతటితో విడువక తిరుగవ్రాసి, 1909లో క్రొత్త రూపమున ప్రకటించినారు. నేడు మనము చదువుచున్నది ఆ తిరుగవ్రాసిన నాటకమునే. ఒకసారి వ్రాసి ఇచ్చి చేతులు దులుపుకొను విద్యార్థి తెలిసికొనదగిన విషయమిది. పెద్ద రచయితకే రెండవ ప్రతి అవసరమైనది.

కోస్తా జిల్లాలలో తగవు శైలిని గురించినది. హైదరాబాదు సంస్థానమున చిక్కు అంతకంటె ముందే మొదలైనది. తెలుగు పిల్లవానికి తెలుగున చదువు దొరకుటయే అరుదు. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధన ఉర్దూలో సాగెడిది. ఇట్టి చదువులోనుండియే డాక్టరు సి. నారాయణరెడ్డిగారు వచ్చినారు. 1931లో, నేటి రాజన్న సిరిసిల్ల జిల్లాలోని హనుమాజీపేటలో జన్మించిన ఆయన ఊరి వీధిబడిలో అక్షరములు దిద్దినారు. హరికథలు, జంగము కథలు, జానపద గేయములు విని పెరిగినారు. సిరిసిల్లలోను, కరీంనగరములోను, తరువాత హైదరాబాదు చాదర్‌ఘాట్ కళాశాలలోను, ఉస్మానియాలో బి.ఏ. వరకును ఆయన చదువు ఉర్దూ మాధ్యమముననే సాగినది.

మరి ఆయనకు తెలుగు వ్రాత ఎక్కడ అబ్బినది? చెవికి ఊరు నేర్పినది. కంటికి గ్రంథాలయము నేర్పినది. 1901లో హైదరాబాదున వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమున ఆయన విద్యార్థిగా కూర్చుండి తెలుగు గ్రంథములు చదివినారు. తరగతి ఈయని పాఠమును పుస్తకశాల ఇచ్చినది. 1953లో ‘నవ్వని పువ్వు’ వెలువడినది. 1957లో ‘కర్పూర వసంతరాయలు’ వచ్చినది. తెలుగున ఎం.ఏ. చదివి, ఆధునికాంధ్ర కవిత్వములోని సంప్రదాయములను, ప్రయోగములను పరిశోధించి 1962లో డాక్టరేటు పొందినారు. 1980 నాటి ‘విశ్వంభర’ కావ్యకర్తగా 1988 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారమును అందుకొన్నారు. ఉర్దూ చదువు సయితము వృథా కాలేదు; తరువాతి కాలమున ఆయన వ్రాసిన తెలుగు గజళ్ళలో అది పలికినది. పొరుగు భాష సొంత భాషకు బలమే. కాని ఆ బలమును నింపుకొనుటకు సొంత భాష అను పాత్ర ముందుగా చేతనుండవలెను.

ఇక నిజాంపేటకు వత్తము. పొలములు, చెరువులు గల ఈ పల్లె, హైటెక్ సిటీ ఉద్యోగముల వలన, మన కన్నుల యెదుటనే పట్టణమైనది. 2019లో బాచుపల్లి, ప్రగతినగర్‌లతో కలిసి నగరపాలక సంస్థయు అయినది. నేడు మేడలలోని పిల్లలలో పెక్కుమందికి చదువంతయు ఆంగ్లమున. తెలుగు ఒక గంట మాత్రమే. తెలంగాణ ప్రభుత్వము 2018లో శాసనము చేసి పాఠశాలలలో తెలుగు బోధనను తప్పనిసరి చేసినది. శాసనము గంటను ఈయగలదు; వాక్యమును ఈయజాలదు. ఆ ఒక్క గంటయు గైడు పుస్తకమును వల్లించుటతో గడచినచో, పిల్లవాడు మార్కులు పొందును, మాటను పోగొట్టుకొనును. తన ఇంటి కష్టమును, తన అవ్వ మరణమును, తాను చూచిన అన్యాయమును ఏ భాషలోను వ్రాయలేనివాడు ఎంత జీతము తెచ్చినను మూగవాని వంటివాడే.

కనుక ఈ గ్రంథాలయము వ్యాసరచనకు ఒక ఆదివారపు తరగతిని నడుపుట మేలు. దానికి ఖర్చు స్వల్పము, ఓర్పు అధికము. విద్యార్థి తాను చూచినదానిని గురించియే వ్రాయవలెను. వ్రాసినదానిని పదిమందిలో బిగ్గరగా చదువవలెను. నోరు తడబడిన చోట వాక్యము కుంటుచున్నదని తెలియును. ఉపాధ్యాయుడు ఎఱ్ఱసిరా పూయుటకు ముందు ‘ఇది నీవు చూచినదేనా?’ అని అడుగవలెను. పిదప విద్యార్థి దానిని తిరుగ వ్రాయవలెను. ప్రతి విద్యార్థి మొదటి వ్యాసమును గ్రంథాలయము దాచి, ఏడాది చివర అతని చేతికే ఈయవలెను. రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచుకొనిన నాడు అతడు తన ఎదుగుదలను తానే చదువుకొనును. ఏ మార్కుల పత్రమును దానికి సరిరాదు.

హనుమాజీపేట పిల్లవానికి ఆనాడు భాషానిలయపు తలుపు తెరచియుండెను. ఈ గ్రంథాలయపు తలుపు నిజాంపేట పిల్లలకు మరి ఇరువదియైదేండ్లును అట్లే తెరచియుండుగాక. స్వర్ణోత్సవ సంచికలోని వ్యాసములు నేడు ఇక్కడ ముందువరుసలో కూర్చున్న పిల్లలే వ్రాయుదురుగాక. స్వస్తి.