థింసా వరుసలా సాగుదాం



అరకు ఊళ్ల నుంచి చదువుల కోసం అమెరికాలోని మిన్నెసోటాకు వచ్చిన మేము నలుగురం ఇక్కడ ఇన్‌లైన్ స్కేటింగ్ నేర్చుకున్నాం. ఏటా సెప్టెంబరులో సుపీరియర్ సరస్సు ఒడ్డున, టూ హార్బర్స్ నుంచి డులూత్ దాకా 42 కిలోమీటర్ల నార్త్‌షోర్ స్కేటింగ్ మారథాన్ జరుగుతుంది. మంచు కాలం రాకముందు మాకు అదే ఆఖరి పెద్ద పోటీ.

పోయినేడు చివరి వారం కూడా కాళ్లు పీకేదాకా సాధన చేశాం. పోటీలో ముగ్గురం ముందుకు దూసుకుపోయాం. మాలో చిన్నది ఎదురుగాలిలో ఒంటరిదై సగంలోనే ఆగిపోయింది. గమ్యం చేరినా ఆమె ముఖం చూడలేకపోయాం.

ఈసారి పద్ధతి మార్చాం. చివరి రెండు వారాలు దూరం తగ్గించి, నిద్ర పెంచాం. ఒకవైపు అరిగిన చక్రాలను తిప్పి బిగించాం. బేరింగులు తుడిచాం. ఒకరి వెనుక ఒకరం దగ్గరగా సాగడం నేర్చుకున్నాం. ముందున్నవారు గాలిని కాస్తే వెనకవాళ్లకు శ్రమ తగ్గుతుంది. అలసిపోగానే వాళ్లు పక్కకు తప్పుకుని వరుస చివర చేరతారు.

ఇది మనకు కొత్తేం కాదు. థింసాలో చేయి వదిలితే వరుస తెగుతుందని మన అమ్మలు ఎప్పుడో నేర్పారు. చదువులోనైనా ఆటలోనైనా వెనకబడ్డవారి కోసం వేగం తగ్గించడం ఓటమి కాదు. ఈసారి నలుగురం కలిసే గీత దాటాలని నిశ్చయించుకున్నాం.