కుర్చీ ఇచ్చి చేతులు కట్టేస్తే ఎట్ల?
(ఉద్యోగినుల అంతర్గత కమిటీల సభ్యుల శిక్షణ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేం పత్రికలోళ్లం. ధర్నాలల్ల కూసున్నోళ్లం, గా ధర్నాల వార్తలు రాసినోళ్లం. హక్కు కాగితం మీదికి రావాలంటే కొట్లాట కావాలె. కాగితం మీది హక్కు ఆఫీసు గడప దాటి లోపటికి రావాలంటే, ఆ ఆఫీసుల దాన్ని అడిగే మనిషి కావాలె. మన 610 జీవోనే చూడుండ్రి. 1985 డిసెంబర్ 30న వచ్చింది. అది ఎందుకు అమలు కాలేదో చూసెతందుకు 2001ల గిర్‌గ్లాని కమిషన్ వెయ్యాల్సి వచ్చింది. జీవో ఉన్నది, అమలు చేసే చెయ్యి లేకపాయె.

ఇయ్యాల ఆ చెయ్యి మీరు. మరి మీ వెనుక ఎవరున్నరు?

మీరు కూసున్న కమిటీ ఎట్ల పుట్టిందో యాది చేసుకుందాం. రాజస్థాన్‌ల భటేరి ఊరు. భన్వరీ దేవి కుమ్మరి ఆడబిడ్డ. సర్కారు మహిళాభివృద్ధి పథకంల సాథిన్. బాల్యవివాహాలు ఆపుడు ఆమె పని. 1992ల పెద్దకులపోళ్ల ఇంట్ల పసిబిడ్డ పెండ్లి ఆపబోయినందుకు ఆమె మీద సామూహిక అత్యాచారం చేసిండ్రు. సర్కారు చెప్పిన పని చేసింది, కష్టమొచ్చిననాడు ఒంటరిదైంది. 1995ల కింది కోర్టు నిందితులను అత్యాచారం కేసుల నిర్దోషులన్నది. విశాఖ అనే సంస్థ, ఇంకొన్ని మహిళా సంఘాలు సుప్రీంకోర్టుకు పోతే 1997 ఆగస్టు 13న మార్గదర్శకాలు వచ్చినయి. చట్టం కావటానికి ఇంకో 16 ఏండ్లు పట్టింది. 2013 చట్టం కింద మీ కమిటీ ఉన్నదంటే, దాని పునాదుల ఆ తల్లి గోస ఉన్నది.

చట్టం మీకు చిన్న అధికారం ఇయ్యలే. సాక్షులను పిలిపించుడు, కాగితాలు తెప్పించుడుల సివిల్ కోర్టుకున్న అధికారం ఇచ్చింది. 90 రోజులల్ల విచారణ ముగియాలె. మీ నివేదిక అందినంక 60 రోజులల్ల యాజమాన్యం చర్య తీసుకోవాలె. మీకు శిక్షణ, వసతులు ఇచ్చుడు సుత యాజమాన్యం బాధ్యతే అని 19వ సెక్షన్ చెప్తది.

మరి ఆఫీసుల ఏమైతది? కమిటీ అధ్యక్షురాలి ప్రమోషన్ ఫైలు పై అధికారి బల్ల మీదుంటది. ఫిర్యాదు గా అధికారి దోస్తు మీదొస్తది. "ఎందుకమ్మా పంచాది, రాజీ చెయ్యరాదు" అని ఫోన్లు మొదలైతయి. విచారణకు అర్ర ఉండదు, టైపు చేసే మనిషి ఉండడు, రోజు చేసే పని ఇంచు తగ్గదు. ప్రైవేటు కంపెనీలల్ల ఇంకా కష్టం. కమిటీ సభ్యురాలి నౌకరికి ఈ చట్టంల ప్రత్యేక రక్షణే లేదు. అది కావాలని 2024ల సుప్రీంకోర్టుల పిటిషన్ సుత పడ్డది.

శిక్షణ లేకపోతే నష్టం ఎవరికి? 2023 మే 12న గోవా విశ్వవిద్యాలయం కేసుల సుప్రీంకోర్టు తీర్పు చూడుండ్రి. కమిటీ హడావుడిగ విచారణ చేసింది, నిందితునికి చెప్పుకునే అవకాశం సక్కగ ఇయ్యలేదని, 2009 నాటి విచారణను మళ్ల మొదలుపెట్టమన్నది. 14 ఏండ్లు! అటు ఫిర్యాదు చేసిన ఆడబిడ్డలకు న్యాయం అందలే, ఇటు నిందితునికి తేల్చి చెప్పలే. కమిటీకి పని నేర్పకపోతే ఇద్దరికీ అన్యాయమే.

ఇది ఒక్క కమిటీ ముచ్చట కాదు. ఎస్సీ, ఎస్టీ రోస్టర్ చూసే లైజన్ ఆఫీసర్, 2016 చట్టం కింద వికలాంగుల ఫిర్యాదులు వినే అధికారి, 2019 చట్టం కింద ట్రాన్స్‌జెండర్ ఉద్యోగుల ఫిర్యాదులు చూసే అధికారి, అందరిదీ ఇదే తిప్పల. పేరు బోర్డు మీదుంటది, బలం ఉండదు.

అందుకే మేం అడిగేది ఇది. కమిటీ పనిని డ్యూటీగ లెక్కగట్టాలె. కొత్త సభ్యులకు మొదటి ఫిర్యాదు రాకముందే శిక్షణ ఇయ్యాలె, న్యాయ సలహాకు పైసలు పెట్టాలె. విచారణ నడుస్తుండగ రాతపూర్వక కారణం లేకుండ సభ్యులను బదిలీ చేయొద్దు. ఎన్ని ఫిర్యాదులు వచ్చినయి, ఎన్ని తేలినయి అన్న లెక్క ఏటా బయట పెట్టాలె.

ఉద్యోగ సంఘాల అన్నలకు ఒక మాట. నిందితుడు మన సంఘపోడైనప్పుడే మన నిజాయితీ తేలుతది. మనోడని కాపాడి, కమిటీల కూసున్న అక్కను ఒంటరిని చేస్తే, మనం ఏ మొఖం పెట్టుకొని న్యాయం అడుగుతం?

మా పత్రికలోళ్ల వంతు సుత ఉన్నది. ఫిర్యాదు చేసినామె పేరు రాయం, 16వ సెక్షన్ రాయొద్దన్నది. అయితే 60 రోజులు దాటినా నివేదిక మీద కదలని యాజమాన్యాన్ని మాత్రం అడుగుతం, అడుగుతనే ఉంటం.

అక్కలారా, రేపు ఆఫీసుకు పోయి మొదలు ఒక పని చేయుండ్రి. మీ కమిటీకి అర్ర, ఫైళ్లకు తాళం, శిక్షణకు తారీఖు కావాలని యాజమాన్యానికి రాసియ్యుండ్రి. అందరి సంతకాలు పెట్టుండ్రి. నకలు తీసి దగ్గర పెట్టుకోండ్రి.