అక్షరం దగ్గర ఆగిపోయే పిల్లలు: తెలుగు బడుల్లో పఠన వైకల్యం

తెలివిలోనూ చూపులోనూ ఏ లోపమూ లేని పిల్లవాడు అచ్చులో ఉన్న మాటను మాత్రం చదవలేకపోవచ్చునన్న సంగతిని 1896లో ప్రింగిల్ మోర్గాన్ అనే ఆంగ్ల వైద్యుడు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వివరించి, ఆ స్థితిని పుట్టుకతో వచ్చిన పదాంధత్వంగా పేర్కొన్నాడు. ఆయన పరీక్షించిన పద్నాలుగేళ్ల బాలుడు అంకెలు చదివేవాడు, లెక్కలు చేసేవాడు. పాఠమంతా నోటితోనే చెప్పి ఉంటే బడిలో అందరికన్నా చురుకైనవాడు అతడేనని అతని గురువు అభిప్రాయపడ్డాడు. అటువంటి పిల్లలు ఈనాటికీ మన తరగతి గదుల్లో మొద్దులనీ సోమరులనీ అనిపించుకుంటూనే ఉన్నారు.

విశిష్ట అభ్యసన వైకల్యం అనేది, మామూలు తెలివితేటలు, సరైన చూపు, వినికిడి, తగినంత బోధన ఉన్నప్పటికీ చదవడం, రాయడం, లెక్క చేయడం అనే నైపుణ్యాల్లో ఏదో ఒకటి, ఒక్కొక్కప్పుడు రెండు మూడు కూడా, పట్టుబడకపోవడం. ఇది మెదడు ఎదుగుదల తీరుకు సంబంధించినది, కుటుంబాల్లో తరచు వంశపారంపర్యంగా కనిపించేది. తల్లిదండ్రుల పెంపకానికీ పిల్లల బద్ధకానికీ దీనితో సంబంధం లేదు. చదవడంలో వచ్చే ఇబ్బందిని డిస్లెక్సియా అనీ, రాతలో వచ్చేదాన్ని డిస్‌గ్రాఫియా అనీ, లెక్కల్లో వచ్చేదాన్ని డిస్‌కాల్క్యులియా అనీ అంటారు. 1995 నాటి వికలాంగుల చట్టం గుర్తించిన ఏడు వైకల్యాల్లో దీనికి చోటు లేకపోగా, 2016 నాటి చట్టం 21 వైకల్యాల జాబితాలో దీన్ని చేర్చి, వీలైనంత త్వరగా గుర్తించి తగిన బోధన అందించవలసిన బాధ్యతను విద్యాసంస్థల మీద ఉంచింది.

అయితే చట్టం గుర్తించినంత మాత్రాన ఉపాధ్యాయుడికి ఆ పిల్లవాడు కనిపిస్తాడని అనుకోవడానికి వీలులేదు; ఎందుకంటే డిస్లెక్సియాను గురించి మనకు అందిన వర్ణనల్లో అధికభాగం ఇంగ్లీషు చదివే పిల్లలను చూసి రాసినవి. ఇంగ్లీషులో అక్షరానికీ ధ్వనికీ నిలకడైన పొత్తు లేదు గనుక అక్కడి పిల్లవాడి ఇబ్బంది తప్పుల రూపంలో బయటపడుతుంది. అక్షరానికీ ధ్వనికీ పొత్తు నిలకడగా ఉండే జర్మన్ భాషలో, ఆ ఇబ్బంది తప్పులకన్నా ముఖ్యంగా నెమ్మదితనంగా వ్యక్తమవుతుందని 1993లో హైన్జ్ విమ్మర్ చూపించాడు. తెలుగు కూడా రాసినట్టే చదివే భాష కాబట్టి ఇక్కడి పిల్లవాడు నాలుగో తరగతికి వచ్చేసరికి చాలా మాటలు తప్పులేకుండానే చదవవచ్చు. కాని ఒక్కొక్క అక్షరాన్నీ కూడబలుక్కుంటూ చదవడంలోనే శక్తి అంతా ఖర్చయి, వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరచిపోతాడు, అర్థం చేజారుతుంది. తప్పులు మాత్రమే లెక్కపెట్టే ఉపాధ్యాయుడు అతనికి చదవడం వచ్చుననుకుంటాడు, ప్రశ్నకు జవాబు రాకపోతే శ్రద్ధ లేదంటాడు. ఇంతకన్నా అన్యాయమైన తీర్పు తరగతి గదిలో మరొకటి ఉండదు.

తెలుగు లిపి అడిగే శ్రమ కూడా తక్కువది కాదు. అచ్చులు, హల్లులు, గుణింతాలు, వత్తులు కలిసి వందల రూపాలవుతాయి. త, న, మ, య, ర, ల వంటి హల్లుల వత్తులకు అసలు అక్షరాలతో పోలికే ఉండదు. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరంలో సకారం, తకారం, రేఫ, ఈకారం వరుసగా చెవిన పడతాయి. కంటికి మాత్రం చివర వినిపించే ఈకారం గుడిదీర్ఘమై మొదటి హల్లు నెత్తిన కనిపిస్తుంది, మిగిలిన రెండూ వత్తులై దాన్ని అంటుకుంటాయి. మాటలోని ధ్వనులను విడదీసి చూడడమే కష్టమైన పిల్లవాడికి ఈ వరుస మార్పు పెద్ద అడ్డంకి. తెలుగుకు తోబుట్టువు వంటి కన్నడ లిపిని పిల్లలు పూర్తిగా వశం చేసుకోవడానికి ప్రాథమిక తరగతులన్నీ పడతాయని 2007లో సొనాలీ నాగ్ పరిశోధన తెలిపింది; అంటే రెండో తరగతిలో వత్తులు తడబడిన ప్రతి పిల్లవాడికీ వైకల్యముందని అనరాదు.

ఇంగ్లీషు మాధ్యమం ఈ చిక్కును ఇంకా పెంచింది. ఇంట్లో వినని భాషలో పాఠం చదవలేకపోవడం వైకల్యం కాదు; బోధనా భాష రాకపోవడం, తగిన బోధన అందకపోవడం కారణమైనప్పుడు ఈ నిర్ధారణ చేయకూడదని అమెరికన్ మనోవైద్య సంఘం 2013 నాటి ప్రమాణాల్లో స్పష్టం చేసింది. కాబట్టి పిల్లవాడిని అతను మాట్లాడే భాషలోనూ, చదివే భాషలోనూ పరీక్షించకుండా ఏ నిర్ణయానికీ రాకూడదు. మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రం 2015లో వెలువరించిన, డిస్లెక్సియాను గుర్తించే డాలి పరీక్షలు మొదట హిందీ, మరాఠీ, కన్నడ, ఇంగ్లీషు భాషల్లో వచ్చాయి. తెలుగు పిల్లవాడి వేగాన్నీ వత్తులనూ గుణింతాలనూ విడివిడిగా కొలిచే పరీక్ష ప్రతి మండలానికీ చేరడం అత్యవసరం.

వైకల్య ధ్రువపత్రం ఎనిమిదేళ్లు నిండినవారికే ఇవ్వాలనీ, పద్నాలుగో ఏటా పద్దెనిమిదో ఏటా మళ్లీ పరీక్షించాలనీ 2018 నాటి కేంద్ర మార్గదర్శకాలు చెప్పాయి. పరీక్షల్లో అదనపు సమయానికీ లేఖకుడి సహాయానికీ ఆ పత్రం కావాలి గాని బోధనకు అక్కరలేదు. మాటను అక్షరాలుగా, అక్షరాన్ని ధ్వనులుగా నోటితో విడదీయించడం, ఒక్కొక్క వత్తును దాని హల్లుతో జతచేసి చూపడం, అదే చిన్న పేరాను రోజూ పక్కన కూర్చుని బిగ్గరగా చదివించడం, తరగతి ముందు నిలబెట్టి చదివించకపోవడం, తెలిసిన జవాబును నోటితో చెప్పనివ్వడం ఒకటో తరగతి నుంచే, ఎవరి అనుమతీ లేకుండా మొదలుపెట్టదగినవి.