పడుకోబెట్టి ఉంచడం వైద్యం కాదు



తాటిచెట్టు మీంచి పడేదెవరు? కడుతున్న మేడ పరంజా మీంచి పడేదెవరు? రెక్కల కష్టం మీద బతికే మనమే. నడుం విరిగి లోపలి వెన్నుపాము దెబ్బతింటే కాళ్ళు చచ్చుబడతాయి. మెడ దగ్గరైతే చేతులు కూడా. ఆపరేషన్ చేసి ఇంటికి పంపుతారు. తర్వాత ఏం చెయ్యాలో చెప్పేవాళ్ళు తక్కువ.

మేం పల్లెల్లో చూస్తున్నది ఇదీ. వారాల తరబడి పడుకున్న మనిషిని లేపి కూర్చోబెడతారు. కళ్ళు బైర్లు కమ్మి సొమ్మసిల్లుతాడు. "వీడి పని ఐపోయింది, కదపొద్దు" అని మళ్ళీ పడుకోబెడతారు. ఇక వీపున పుండ్లు, ఊపిరితిత్తుల్లో నెమ్ము. మనిషిని అక్కడ పోగొట్టుకుంటున్నాం.

ఇది కర్మ కాదు, గాలీ ధూళీ కాదు. నెత్తురు లెక్క. ఎవరు లేచి కూర్చున్నా నెత్తురు పొట్టలోకి, కాళ్ళలోకి దిగుతుంది. నరాలు వెంటనే రక్తనాళాల్ని బిగిస్తాయి, పిక్కల కండలు పంపులాగా పైకి తోస్తాయి. వెన్నుపాము దెబ్బతింటే మెదడు కబురు కిందికి అందదు. మెడ, రొమ్ము పైభాగాన దెబ్బ తగిలినవాళ్ళకి ఈ బాధ ఎక్కువ. లేచిన 3 నిమిషాల్లో పై బీపీ 20 గానీ, కింది బీపీ 10 గానీ పడిపోతే డాక్టర్లు దీన్ని జబ్బుగా లెక్కిస్తారు.

మరి దారేంటి? ఒంటికి కొంచెం కొంచెంగా అలవాటు చెయ్యడమే. వెన్నెముక కుదురుకుంది, లేపొచ్చు అని డాక్టరు చెప్పాకే మొదలుపెట్టాలి. పెద్దాసుపత్రుల్లో టిల్ట్ టేబుల్ ఉంటుంది. మనిషిని పట్టీలతో కట్టి, బీపీ చూసుకుంటూ బల్లని మెల్లగా నిలువుకి ఎత్తుతారు. ఇంట్లో తలవైపు ఎత్తు పెంచుతూ పోవాలి. ఇవాళ్టి ఎత్తు తట్టుకున్నాకే రేపు ఇంకొంచెం. పొట్టకి బెల్టు, కాళ్ళకి సాగే పట్టీ కడితే నెత్తురు కిందికి జారడం తగ్గుతుంది. ఎలా కట్టాలో ఫిజియోథెరపీ వాళ్ళ దగ్గర నేర్చుకోండి. స్పర్శలేని కాలికి పట్టీ బిగిసినా తెలీదు. కళ్ళు తిరిగితే వెంటనే పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి పట్టండి.

ఒక్క హెచ్చరిక. ఈ పై దెబ్బలవాళ్ళకే తల పగిలేంత నొప్పి, మొహం ఎర్రబడి చెమటలు వస్తే అది బీపీ ఎక్కడం. అప్పుడు పడుకోబెట్టొద్దు. కూర్చోబెట్టి, బిగుతు పట్టీలు విప్పి, మూత్రం గొట్టం మెలిపడిందేమో చూసి, ఆసుపత్రికి ఉరకండి.

డాక్టర్ మేరీ వర్గీస్‌కి 1954లో కారు ప్రమాదంలో కాళ్ళు చచ్చుబడ్డాయి. చక్రాల కుర్చీలో కూర్చునే ఆపరేషన్లు చేసింది. వెల్లూరు సీఎంసీలో ఇలాంటివాళ్ళకోసం 1966లో మొదలైన కేంద్రం వెనక ఆమె ఉంది. కూర్చోగలిగితే బతుకు ఉందని ఆమే రుజువు.

2016 వికలాంగుల హక్కుల చట్టం పునరావాసాన్ని ప్రభుత్వ బాధ్యతల్లో చేర్చింది. మీ ఊళ్ళో మంచాన ఉన్నవాళ్ళెవరో లెక్క తియ్యండి. ఆసుపత్రి నుంచి పంపే ముందే గట్టిగా అడగండి: ఎంత ఎత్తు లేపాలి? ఎంతసేపు? మాకు నేర్పేదెవరు? ఇది దయ అడగడం కాదు. మన మనిషిని మనం లేపుకోవడం.