మఱ్ఱిచెట్టుకు ఎంత కోణం కావలెను?

హైదరాబాదు నుండి బీజాపూరు పోయే రహదారి మొయినాబాదు దాటిన తరువాత చెట్ల నీడలోకి ప్రవేశిస్తుంది. అక్కడ నుండి చేవెళ్ల వైపు సాగే కొలదీ దారికి ఇరుప్రక్కల మఱ్ఱిచెట్లే. నిజాముల కాలంలో బాటసారుల కొఱకు నాటిన ఈ చెట్లు సుమారు 900 గలవని లెక్క. పలుచోట్ల కొమ్మలు దారిపై నుండి ఒకదాని నొకటి అందుకొనగా, మిట్టమధ్యాహ్నం సైతం ఆ త్రోవ చల్లగా, మసకగా ఉంటుంది.

ఆ దారిని వెడల్పు చేయవలెనన్న ప్రయత్నం చాలాకాలంగా సాగుతున్నది. చెట్లను కాపాడవలెనని కోరినవారు జాతీయ హరిత ట్రిబ్యునలు వరకు వెళ్లారు. 2025 నవంబరు 3వ తేదీన చేవెళ్ల సమీపంలో మీర్జాగూడ వద్ద కంకరలారీ, ఆర్టీసీ బస్సు ఢీకొని పలువురు మరణించారు. వెడల్పైన దారి కావలెనన్న వారి మాట వెనుక అట్టి దుఃఖమున్నది. ఉభయుల మాటలోను సత్యమున్నది. ఆ వివాదాన్ని తీర్చుట ఈ ప్రసంగం పని కాదు. కాని ఆ దారి ఇప్పుడున్న రూపాన్ని ఫొటోలో నిలుపుకొనవలెనని అనేకులకు తోచుచున్నది. అల్మైరా అడుగున పడి ఉన్న పెద్దల నాటి కెమేరాను మరల పైకి తీసినవారూ ఉన్నారు. అటువంటివారు తరచు అడిగే ప్రశ్న ఒకటే: ఇంత విశాలమైన చెట్టుకు ఎటువంటి కటకం, అనగా లెన్సు, కొనవలెను?

మా అనుభవమే మొదట చెప్పుకొంటాము. మా వద్ద నున్నది జోర్కీ అనే పాత రష్యను రేంజిఫైండరు కెమేరా. రేంజిఫైండరు కెమేరాలో మనం కటకం గుండా చూడము. ప్రక్కనున్న చిన్న కిటికీ గుండా చూస్తాము. ఆ కిటికీలో కనిపించే రెండు బొమ్మలు ఒకటిగా కలిసినప్పుడు దూరం సరిపడినదని అర్థం. ఆ కెమేరాతో వచ్చిన కటకం నాభ్యంతరం 50 మిల్లీమీటర్లు. దారికి ఈవల నిలిచి ఆవల చెట్టును చూస్తే, మొదలూ రెండు ఊడలూ తప్ప మరేమీ పట్టలేదు. అందుచేత ఒక మిత్రుని వద్ద 21 మిల్లీమీటర్ల కటకం ఎరువు తెచ్చాము. ఎంత విశాలమైతే అంత మంచిదనుకొన్నాము. ఫిలిము కడిగించి, అచ్చులు తీయించి, ఆ చెట్టు క్రిందనే కూరగాయలమ్మే పెద్దమ్మకు ఒకటి చూపించాము. ఆమె అటూ ఇటూ త్రిప్పి చూచి, “గిది మా మఱ్ఱేనా సారూ? గింత దూరం బోయి నిలబడ్డదేంది? మా రోడ్డు గింత ఎడల్పుంటె ఇగ లొల్లేంది?” అన్నది.

ఆమె కటకముల శాస్త్రం చదువలేదు గాని, తప్పు ఎక్కడ ఉన్నదో సరిగా పట్టినది. ఆ లెక్క చూతాము.

35 మిల్లీమీటర్ల ఫిలిముపై పడే బొమ్మ 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. మనం నిలిచిన దూరాన్ని 36తో హెచ్చించి నాభ్యంతరంతో భాగిస్తే, ఆ దూరంలో ఎంత వెడల్పు పడుతుందో తెలుస్తుంది. 20 మీటర్లు విస్తరించిన మఱ్ఱి ఒకటి ఉన్నదనుకొందాము. దానిని పూర్తిగా పట్టుటకు 50 కటకంతో సుమారు 28 మీటర్లు, 35తో 19 మీటర్లకు పైగా, 28తో 16 మీటర్లకు కొంచెం తక్కువగా, 21తో 12 మీటర్లు వెనుకకు పోవలెను. దారికి ఈవల అంచున నిలిస్తే చెట్టుకు మనకు ఉండేది ఇంచుమించు ఆ 12 మీటర్లే. అందుచేతనే మేము 21 కోసం ఆశపడ్డాము.

కాని విశాలకోణం ఊరకనే వచ్చేది కాదు. ఒకే చోట నిలిచి తీసినప్పుడు 35 కటకంతో పడిన చెట్టులో, 21తో పడేది అయిదింట మూడువంతులు మాత్రమే. పైగా కెమేరాను మట్టసంగా కంటి ఎత్తున పట్టుకొంటే 35 కటకం మన పాదాలకు ముందు 4.7 మీటర్ల నుండి నేలను చూపుతుంది. 21 కటకం 2.8 మీటర్ల నుండియే చూపుతుంది. బొమ్మ అడుగు భాగమంతా తారుతో నిండిపోతుంది. చెట్టు చిన్నదై, దారి పెద్దదవుతుంది. దారి ఇరుకా, వెడల్పా అన్న విషయమే చర్చలో ఉన్న చోట ఇది చిన్న పొరపాటు కాదు. ఆ బొమ్మ చూచినవారు ఇంత వెడల్పు దారికి ఇంకేమి కావలెనని అనుకొనవచ్చును. లేదా ఇంత చిన్న చెట్టు కోసమా ఇంత గొడవ అనవచ్చును. రెండూ అసత్యములే.

చెట్టు తల కూడా పడవలెనని కెమేరాను పైకెత్తితే మరొక చిక్కు. నిలువు గీతలు లోపలికి వంగి, చెట్టు వెనుకకు పడిపోవుచున్నట్లు కనిపిస్తుంది. కోణం పెరిగిన కొలదీ ఈ వంపు అంచులలో మరింత కొట్టవచ్చినట్లు తెలుస్తుంది. హైదరాబాదు సంస్థానంలో రాజా దీనదయాళ్ వంటివారు పనిచేసిన ఆ గాజుపలకల కాలంలో, చెక్క కెమేరాలకు కటకాన్ని మాత్రమే పైకి జరుపుకొనే ఏర్పాటు ఉండేది. మన చేతి కెమేరాకు ఆ సౌకర్యం లేదు. దానికి బదులు మనకు కాళ్లున్నవి. చెట్టుకు దారివైపు కాక పొలంవైపు, రైతు అనుమతితో, 20 మీటర్లు నడిచి వెళితే 35 కటకంలోనే చెట్టంతా పడుతుంది. వెనుకకు పోవుటకు ప్రహరీగోడ అడ్డమైన చోట 28 కటకం చాలును. అక్కడ చెట్టంతా కావలెనన్న పట్టుదల విడిచి, ఊడలను, మొదలును, వాటి ప్రక్కన నిలిచిన మనిషిని పట్టుకొంటే, చెట్టు ఎంతటిదో చూచేవారికి తెలిసిపోతుంది.

ఇక కొనుగోలు సంగతి. మొదట మీ కెమేరాకు కటకం ఊడివచ్చునో లేదో చూచుకొనండి. యాషికా ఎలెక్ట్రో 35, కేననెట్ వంటి కెమేరాలలో కటకం స్థిరంగా బిగించి ఉంటుంది; వాటికి వేరొక కటకం ఎన్నుకొనే ప్రశ్న లేదు. ఊడివచ్చేవాటిలో మర రకం, బిగింపు రకం వేరువేరు. పాత లైకా, జోర్కీ, ఫెడ్ కెమేరాలకు 39 మిల్లీమీటర్ల మర ఉంటుంది. ఆ మర కటకాన్ని ఒక చిన్న ఉంగరం సాయంతో తరువాతి లైకా ఎం కెమేరాలకు తగిలించవచ్చును. ఎం కటకాన్ని మర కెమేరాకు మాత్రం తగిలించలేము. కాంటాక్స్, కీవ్ కెమేరాలది మరొక పద్ధతి.

రెండవది, చూచే కిటికీ. 1954లో వచ్చిన లైకా ఎం3 కిటికీలో 50, 90, 135 కటకముల గీతలు మాత్రమే ఉన్నవి. తరువాత వచ్చిన ఎం2లో 35 గీత చేరినది. మా జోర్కీ వంటి వాటిలో 50కి సరిపడే చూపే ఉన్నది. అట్టి కెమేరాకు కటకంతో పాటు, పైన తగిలించుకొనే విడి వ్యూఫైండరు కూడా కొనవలెను. దాని వెలను మరచి బేరం కుదుర్చుకొనేవారు తరువాత విచారిస్తారు.

మూడవది, కాంతి. పెద్ద రంధ్రం గల ఖరీదైన కటకం చెట్ల నీడలో అవసరమని దుకాణదారు చెప్పవచ్చును. 400 వేగం గల ఫిలిముతో చిక్కని నీడలో సైతం ఎఫ్ 5.6 వద్ద సెకనులో నూరవ వంతు ఇంచుమించుగా సరిపోతుంది. కనుక ఎఫ్ 2.8, లేదా ఎఫ్ 3.5 కటకం మన పనికి ధారాళంగా చాలును. బయలు వెలుతురు ఉన్న చోట 28 కటకాన్ని ఎఫ్ 8 వద్ద పెట్టి దూరాన్ని 3.3 మీటర్లకు అమర్చితే, సుమారు 1.7 మీటర్ల నుండి అనంతం వరకు స్పష్టంగా వస్తుంది. ప్రతిసారి రెండు బొమ్మలు కలుపుకొనే శ్రమ కూడా తప్పుతుంది.

నాలుగవది, కటకం ఆరోగ్యం. మన వానాకాలపు తేమకు పాత కటకములలో బూజు సాలెగూడు వలె అల్లుకొంటుంది. టార్చిలైటు వేసి ఈవల నుండి ఆవలకు చూడండి. మంచుపొర వంటి మసక ఉంటే, ఆకుల సందులలో మెరిసే ఎండ బొమ్మనంతా తెల్లబరుస్తుంది. పూత లేని మరీ పాత కటకానికీ ఇదే బాధ. ఒక నల్లని గొడుగుమూత తగిలించుకొనుట అన్నింటికి మేలు. డబ్బు చెల్లించే ముందు ఒక మీటరు, మూడు మీటర్లు, అనంతం — ఈ మూడు దూరములలో తీసి చూచుకొనవలెను.

మొదటిసారి కొనేవారికి మా సలహా 35. ఇరుకైన చోట్లే మీకు ముఖ్యమైతే 28. దాని లోపములు ఎరిగిన వారికి 21 కూడా పనికివచ్చేదే.

మేము రెండవసారి 35 కటకంతో వెళ్లాము. పొలం గట్టున నిలిచి, కెమేరా మట్టసంగా పట్టి, అదే చెట్టును మరల తీశాము. చెట్టు పై కొమ్మలు కొన్ని పడలేదు. పెద్దమ్మ తట్ట మాత్రం ఒక మూల చిన్నదిగా పడినది. అచ్చు తీసుకొని వెళ్లి చూపించాము. ఆమె మాటాడక చాలాసేపు చూచి, కొంగుతో తుడిచి, తట్ట అడుగున దాచుకొన్నది. ఆ చెట్టు అక్కడనే నిలుచునో, మరొక చోటికి తరలునో మేము చెప్పలేము. దానిని ఎన్నడూ చూడనివారికి దాని పరిమాణం, దాని క్రింది దారి ఇరుకు, రెండూ ఉన్నవి ఉన్నట్లు చెప్పే సాక్ష్యం ఒకటి ఆ తట్టలో ఉన్నది.