ఎదురొచ్చిన మనిషి



మాస్టారి పేరున జరిగే ఈ ఉపన్యాసంలో ఏం మాట్లాడతారని అడిగితే, సముద్రం మీద పోయేవాళ్ళ నమ్మకాల గురించి అన్నాను. ఫోన్లో అవతలి మనిషి కాసేపు గమ్మునుండిపోయాడు. ఉదయగిరిలో సముద్రమేంది అని ఆయన అనుమానం. నిజమే. ఇక్కడ తలెత్తితే దుర్గం కొండ, తల దించితే వాన కోసం చూసే చేను. కావలి దాటి తుమ్మలపెంట దాకా పోతేగాని మనకు అల కనపడదు. అయినా ఆ సముద్రానికి మనం అనుకున్నంత దూరంలో లేము.

తీరంలో చేపలు పట్టడాన్ని వేట అంటారు. సగం సంగతి ఆ మాటలోనే ఉంది. పోయేవాడికి ఏం దొరుకుతుందో, అసలు దొరుకుతుందో లేదో తెలీదు. అందుకే కొత్త పడవ నీళ్ళలోకి దించేరోజు గంగమ్మకు పూజ చేస్తారు. పడవ ముక్కుకు పసుపూ కుంకుమా పెడతారు, నిమ్మకాయలు కడతారు. ఆరేసిన వలను దాటకూడదు. బయల్దేరినవాణ్ణి 'యాడికి' అని అడగకూడదు. వలలో సముద్రపు తాబేలు పడితే కూర్మావతారమని దణ్ణం పెట్టి వదిలేసేవాళ్ళున్నారు. అదే తాబేలు మన మెట్టన ఒకరి ఇంట్లోకి వస్తే? తాబేలు చొచ్చిన ఇల్లూ అమీనా చొచ్చిన ఇల్లూ బాగుపడవని సామెత. అమీనా అంటే కోర్టు తరఫున జప్తుకొచ్చేవాడు. ఆ సగం మాత్రం అనుభవం మీద పుట్టిందే, దాన్ని నేను కాదనను.

అన్నిటినీ ఒకే గాట కట్టకూడదు లెండి. అమావాస్యకూ పున్నమికీ పోటు ఎక్కువ. ఆ రోజుల్లో జాగ్రత్తపడటం మూఢనమ్మకం కాదు, చదువు. కార్తె చూసి విత్తనం చల్లడమూ అంతే. శకునాల సంగతి అలా కాదు. 1989 నవంబరులో థాయ్‌లాండ్ సింధుశాఖలో పుట్టిన తుపాను బంగాళాఖాతమంతా ఈదుకుంటూ వచ్చి మన కావలి దగ్గరే తీరం దాటింది. 2004 డిసెంబరు 26 ఆదివారం పొద్దున సునామీ వచ్చింది. అంత పెద్దవాటికి అడ్డం రాగల పిల్లి ఏ వీధిలో ఉంటుంది?

నాకు అన్నిటికన్నా ముచ్చటేసేవి మాటల మీది నమ్మకాలు. స్కాట్లండుకు ఉత్తరాన షెట్లాండ్ దీవుల జాలర్లు పడవెక్కాక ఊరి మాటలు కొన్ని వదిలేసి, వాటికి బదులు వేరే పేర్లు వాడేవాళ్ళు. పాదిరీని పాదిరీ అనకూడదు, 'నిలబడేవాడు' అనాలి. వింటే నవ్వొస్తుంది. ఒకసారి మన వంటింట్లోకి రండి. బియ్యం అయిపోతే 'నిండుకున్నాయి'. దీపం ఆరితే 'కొండెక్కింది'. రాత్రిపూట పాము కనపడితే 'పురుగు'. మశూచి రోజుల్లో ఒళ్ళంతా పొక్కితే 'అమ్మవారు పోసింది'. గడప దాటేవాడు 'పోతా' అనడు, 'పోయొస్తా' అంటాడు. మా అవ్వ పొద్దుగూకాక అంగట్లో 'ఉప్పు' అని నోటితో అడగనిచ్చేది కాదు. పైసలు అక్కడ పెట్టి వేలితో చూపించమనేది. అంగడాయనకూ అలవాటే, మారు మాట్లాడకుండా పొట్లం కట్టేవాడు. షెట్లాండ్ జాలరికి పడవెక్కితేనే భాష మారేది. మనకు ఇంట్లోనే మారింది. అంటే మనకు ఇల్లే నడిసముద్రం అన్నమాట.

మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో న్యూగినీ పక్కన ట్రోబ్రియాండ్ దీవుల్లో ఉండిపోయిన మలినోవ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త ఒక సంగతి గమనించి 1925లో రాశాడు. దీవిని ఆనుకున్న కదలని నీళ్ళలో చేపలు పట్టేటప్పుడు అక్కడివాళ్ళకు మంత్రం లేదు, తంత్రం లేదు. అక్కడ ప్రమాదమూ లేదు, చేపా ఖాయం. వెలుపలి సముద్రంలోకి పోయేటప్పుడు మాత్రం అడుగడుక్కీ ఒక మంత్రం. దీన్ని కళ్ళారా చూడాలంటే అంతదూరం పోనక్కర్లేదు, ఆత్మకూరులో ఉదయగిరి బస్సెక్కితే చాలు. సోమశిల కాలవ పారే చోట రైతు టెంకాయ కొడతాడేగాని, టెంకాయతో నీళ్ళు వెతకడు. కాలవ అందని మెట్టలోకి వచ్చేసరికి టెంకాయ లేచి నిలబడుతుంది.

ఇది తెలియనివాళ్ళు ఈ సభలో ఉండరుగాని, పట్నం నుంచి వచ్చినవాళ్ళ కోసం చెబుతాను. బోరు పాయింటు చూసే మనిషి చెప్పులు విప్పి, అరచేతిలో టెంకాయను పడుకోబెట్టుకొని చేనంతా నడుస్తాడు. కింద నీళ్ళున్నచోట టెంకాయ నిటారుగా లేస్తుంది. మా చేలో లేచింది, నేను పక్కనే ఉన్నాను. ఇంటికొచ్చి నేనూ చేసి చూశాను. అరచెయ్యి కాస్త వంచితే ఏ టెంకాయైనా లేస్తుంది. ఆ వంచడం వంచేవాడికే తెలియకపోవచ్చు, అందుకని ఆయన్ను మోసగాడని అనలేను. మర్నాడు తిరుచెంగోడు బోరు బండి వచ్చింది. రాడ్డు మీద రాడ్డు దిగింది. మూడొందల అడుగుల దాకా తెల్లటి దుమ్మే. అడుగుకు ఇంత అని లెక్క, దుమ్ముకూ నీళ్ళకూ ఒకటే రేటు. మా నాయన తల మీద తువ్వాల కప్పుకొని గట్టు మీద కూచున్నాడు. ఖాళీ వలతో ఒడ్డుకొచ్చి డీజిలు ఖర్చు లెక్కేసుకునే మనిషిని చాలా ఏళ్ళ తర్వాత మైపాడులో చూశాను. కూచున్న తీరు అచ్చం అదే.

చదువుకుంటే ఇవన్నీ పోతాయంటారు. 2009 ఏప్రిల్లో శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ సి12 వెళ్ళింది. సెప్టెంబరులో వెళ్ళింది సి14. సి13 అనే రాకెట్టే లేదు. ఆ సి14 మోసుకుపోయిన ఓషన్‌శాట్-2 ఏం చేసేదో తెలుసా? సముద్రపు రంగును బట్టి నాచు ఎక్కడ పెరుగుతోందో చూసేది. నాచున్న చోటికి చేప వస్తుంది. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ జాలర్లకు వేట జాగాలు చెప్పడానికి ఆ సమాచారాన్ని వాడుకుంది. ప్రయోగాల ముందు సూళ్ళూరుపేట చెంగాళమ్మకు పూజలు జరగడం మీరు పేపర్లలో చూస్తూనే ఉన్నారు. నేను ఎగతాళి చెయ్యను. లేచిన రాకెట్టును వెనక్కి పిలవలేం, అదీ ఒకరకం వేటే.

నిమ్మకాయ కట్టుకుంటే పోయేది నిమ్మకాయ. పదమూడు మానుకుంటే పోయేది ఒక అంకె. శకునం ఇంకొక మనిషి మీద వాలినప్పుడే నాకు కోపం వస్తుంది. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటుగా చేసిన ఎడ్గర్ థర్‌స్టన్ 1912లో దక్షిణదేశపు శకునాల మీద ఒక పుస్తకమే వేశాడు. అంతకన్నా పెద్ద పుస్తకం మన వీధి అరుగుల మీద ఉంది. ఎదురు రాకూడనివాళ్ళు ఎవరంటే కట్టెలమోపు మోసేవాడు, నూనె అమ్మేవాడు, ఒంటి బ్రాహ్మడు, మొగుడు పోయిన ఆడది. తీరంలో అయితే మొగుణ్ణి తీసుకుపోయేది సముద్రమే. ఆ పైన సముద్రానికి పోయే పడవకు ఆమె ఎదురు రాకూడదు.

మా బోరు దుమ్ము లేపిన ఆ సాయంత్రం, "పొద్దున మీ అత్త ఎదురొచ్చిందిరా" అన్నారెవరో. మా మేనత్త ఆ పొద్దున వచ్చింది బండివాళ్ళకు సద్దీ నీళ్ళూ ఇవ్వడానికి. ఆ మాట ఎవరూ గట్టిగా అనలేదు, ఆమెకు మాత్రం వినపడింది. అప్పటి నుంచి ఇంట్లో ఎవరు బయల్దేరుతున్నా ఆమె పెరటి తలుపు దగ్గరికి పోయేది. నేను పదో తరగతి పరీక్షకు పోయిన పొద్దున తలుపు సందులోంచి ఆమె చీర అంచు కనపడింది.

మాస్టారిది మా వీధే. ఒకసారి నెల్లూరుకు మీటింగుకు పోతూ మా వాకిట్లో నిలబడి, "అక్కా, నువ్వు ఎదురొస్తేగాని నేను కదలను" అన్నారు. "పోండి అయ్యోరా, పొద్దున్నే నన్నెందుకు ఏడిపిస్తారు" అని లోపల్నుంచే అంది. ఆయన సంచి కింద పెట్టి అరుగు మీద కూచున్నారు. చాలాసేపటికి ఆమె బిందె చంకన పెట్టుకొని, తల వంచుకొని బయటికొచ్చింది. ఆయన లేచి దణ్ణం పెట్టి బయల్దేరారు.

అప్పటికి బస్సు పోయింది. మధ్యాహ్నం దాకా బస్టాండులో కూచుని ఇంకో బస్సుకు పోయారట. సాయంత్రం ఆ సంగతి తెలిసి మా అత్త నా వైపు చూసింది.

"నే చెప్పలా?" అంది.