పాత కారునకు క్రొత్త తీగలు వలయునా?
(ప్రసంగ పాఠము)



కోవిల్పట్టి, విరుదునగరము ప్రాంతముల మనవారిలో పాత అంబాసిడరును అమ్ముటకు మనసొప్పక కాపాడుకొను కుటుంబములు కలవు. 1957లో మొదలై 2014లో తయారీ నిలిచిపోయిన ఆ కారు తొలి నమూనాలలో డైనమో యుండెడిది. దానిని తీసి ఆల్టర్నేటరు పెట్టింపదలచినవారు అడుగు ప్రశ్న యొక్కటే: తీగలును మార్చవలయునా, పాతవి చాలునా?

ముందుగా ఆల్టర్నేటరు ఏల? ఇంజను నెమ్మదిగా తిరుగునపుడు డైనమో దాదాపుగా ఏమియు ఈయజాలదు. రైలుగేటు వద్ద దీపములతో నిలిచిన బండి బ్యాటరీని తినుచుండును. ఆల్టర్నేటరు ఆ నెమ్మదిలోను విద్యుత్తు నిచ్చును. 1960లో అమెరికాలో క్రైస్లర్ సంస్థ తన వేలియంట్ కారునకు దీని నమర్చినది. క్రమముగా లోకమంతటను డైనమో వెనుకబడినది. కావున మార్పు మంచిదే.

40 ఆంపియర్ల ఆల్టర్నేటరు ఎల్లవేళల 40 ఆంపియర్లను తీగలోనికి నెట్టునని కొందరి భయము. అది నిజము కాదు. దీపములు, బ్యాటరీ కోరినంతయే అది ఇచ్చును. అయితే నీరసించిన బ్యాటరీ మిక్కిలి కోరును. పాత డైనమో 20 ఆంపియర్ల చుట్టుపట్ల ఆగిపోవుటచే పాత తీగ బ్రతికిపోయినది. ఆల్టర్నేటరు ఆగదు. ముప్పు అచ్చటనే యున్నది.

లెక్క చూడుడు. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగ 2 మీటర్ల పొడవునకు నిరోధము సుమారు 0.014 ఓములు. 20 ఆంపియర్లు పారినచో అందులో పుట్టు వేడి ఐదున్నర వాట్లు. 40 పారినచో 22 వాట్లు. ప్రవాహము రెట్టింపైనచో వేడి నాలుగు రెట్లగును. అదే పొడవునకు 6 చదరపు మిల్లీమీటర్ల తీగ వేసినచో 40 ఆంపియర్లకును వేడి సుమారు 9 వాట్లే.

ఇది క్రొత్త తీగ లెక్క. ఏండ్ల తరబడి ఎండకు, ఇంజను వేడికి పెళుసెక్కిన తొడుగు, చిలుము పట్టిన కీళ్ళు దీనికి తోడగును. కావున ఊహపై ఆధారపడక కొలువుడు. ఇంజనును కొంత వేగముగా నడిపి, దీపములు వెలిగించి, వోల్టుమీటరు ఒక కొనను ఆల్టర్నేటరు ప్రధాన మేకునకును, రెండవ కొనను బ్యాటరీ పాజిటివునకును ఆనింపుడు. 0.3 వోల్టునకు లోబడినచో తీగ బాగున్నది. అర వోల్టు దాటినచో మార్చవలసినదే. ఆల్టర్నేటరు ఒంటికిని బ్యాటరీ నెగటివునకును నడుమ కూడ ఇట్లే చూడుడు. చాలమంది ఈ ఎర్తు దారిని మరతురు.

మార్చవలసినచో కారులోని తీగలన్నియు విప్పనక్కరలేదు. ఆల్టర్నేటరు నుండి బ్యాటరీకి నేరుగా ఒక లావు తీగయు, ఇంజనుకును బాడీకిని మంచి ఎర్తు పట్టీయు చాలును. ముందుపలకపై అమ్మీటరున్నచో చార్జింగు ప్రవాహము దాని గుండా పోవును; దానిని తప్పించి వోల్టుమీటరు పెట్టుట మేలు. పాత రెగ్యులేటరు పెట్టెను వలయమునుండి తొలగింపవలెను. కొన్ని పాత కార్లకు పాజిటివు ఎర్తు కలదు. సాధారణ ఆల్టర్నేటరునకు నెగటివు ఎర్తు వలయును. ఇది చూడక కలిపినచో డయోడులు క్షణములో మాడును. పనికి పూనుకొనుటకు ముందు బ్యాటరీ ఎర్తు కొనను విప్పుడు.

ఇక ఒక హెచ్చరిక. ఫ్యూజు మాటిమాటికి పోవుచున్నదని పెద్దది వేయువారు కలరు. ఫ్యూజు కాపాడునది తీగను. పాత తీగకు పెద్ద ఫ్యూజు వేసినచో మొదట కాలునది తీగయే. క్రొత్త లావు తీగకు తగిన ఫ్యూజును బ్యాటరీకి చేరువనే పెట్టింపుడు. అగ్గిపెట్టెల పనితో బ్రతుకు ఊళ్ళవారము. నిప్పురవ్వ ఏమి చేయునో మనకు వేరొకరు చెప్పనక్కరలేదు.

డైనమో చక్కగా పనిచేయుచు, రాత్రి ప్రయాణము తక్కువైనచో మార్పు జోలికి పోనక్కరలేదు. మార్చినచో మాత్రము యంత్రమును, తీగను కలిపియే మార్చుడు. సగము పని చేయించి సొమ్ము మిగిలినదనుకొనుట పొరపాటు. ఆ బండిలో కూర్చుండువారు మన పిల్లలే.